ఆ 565 ఓట్లు ఎవరూ దొంగిలించలేదు

ఆ వాట్సాప్ మెసేజీ మళ్లీ వచ్చింది. సాలూరు గ్రూపులో తిరిగింది, బొబ్బిలి గ్రూపుకెళ్లింది, చీపురుపల్లి, పాలకొండ, ఆమదాలవలస చుట్టి మళ్లీ పార్వతీపురం గ్రూపులో దిగింది. 'దాచేసిన చరిత్ర: మన సిక్కోలు సింహం వి.వి.గిరి' అని పైన పేరు. 1969లో రాష్ట్రపతి అయిన గిరి గారి గురించే. కింద మూడు జెండా బొమ్మలు, తొమ్మిది పాయింట్లు, చివర్లో 'తెలుగోడివైతే పదిమందికి పంపు' అని ఒట్టు. పంపుతున్నవాళ్లు చదువురానివాళ్లు కారు. రిటైరైన మాస్టార్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, నల్లకోటు వేసుకుని రోజూ కోర్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇది తప్పండీ అంటే వచ్చే జవాబు ఒకటే: 'ఏటి బావా, మనోడిని పొగిడినారు కదా, తప్పేటుంది?'

తప్పేటుందో చెప్తాను. పొగడ్త చాటున నాలుగో పాయింటులో విషం పెట్టారు. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురంలో గిరి గారిని ప్రజలు ఓడించలేదట, రిజర్వేషన్ ఓడించిందట. ఆయన గెలుచుకున్న జనరల్ సీటుని గిరిజనుడు కొట్టేశాడట. పైగా ఆ గెలిచినవాడు అసలు గిరిజనుడే కాదట, కోర్టు కళ్లు మూసుకుందట. మిగతా ఎనిమిది పాయింట్లూ ఈ ఒక్కదాన్ని మోసుకు తిరగడానికి కట్టిన కావడి. మన్యం జిల్లాలో గ్రూపులన్నిటిలోనూ గిరిజన కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ల ఫోనులోకీ ఇదే వెళ్తోంది.

అందుకే నాలుగోదాన్ని నిదానంగా చూద్దాం. ముందు చిన్నవాటిని తేల్చేస్తాను.

'గిరి గారు పాతపట్నంలో పుట్టారు.' పుట్టలేదు. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు అక్కడ ప్లీడరు. పాతపట్నం 1952లో ఆయన్ని మొదటి లోక్‌సభకి పంపిన నియోజకవర్గం, పుట్టిన ఊరు కాదు. అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఆయన పుట్టేనాటికి బరంపురమూ, మన చికాకోలూ (ఇప్పటి శ్రీకాకుళం) రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే బరంపురం మనకి అవతలి రాష్ట్రం అయింది. మనోడు అనుకోండి, అభ్యంతరం లేదు. దానికోసం పుట్టిన ఊరు మార్చక్కర్లేదు.

'ఐర్లాండులో ఉరిశిక్ష పడితే ఓడెక్కి తప్పించుకొచ్చారు, బారిస్టరు చదువు మధ్యలో ఆగిపోయింది.' రెండూ తప్పే. 1913లో డబ్లిన్ వెళ్లారు. ఒకపక్క యూనివర్సిటీ కాలేజీలో, ఇంకోపక్క బారిస్టర్లని తయారుచేసే కింగ్స్ ఇన్స్‌లో చదివారు. 1916 ఏప్రిల్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. డబ్లిన్‌లో శిక్షపడిన ఆ నాయకుల్ని తుపాకులతో కాల్చి చంపారు, ఉరి తీయలేదు. గిరి గారికి తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయని అనుమానించి, జులై 1 లోగా దేశం విడిచి పొమ్మని జూన్‌లో నోటీసిచ్చారు. ఆ జూన్ నెలలోనే ఆయన్ని అక్కడి బార్‌లోకి, అంటే బారిస్టరుగా, తీసుకున్నారు. ఆగిపోయింది బీఏ డిగ్రీ, బారిస్టరు కాదు. ఇరవై రెండేళ్లు నిండని కుర్రాడికి సామ్రాజ్యం దేశబహిష్కారం నోటీసివ్వడమే చాలా పెద్ద సంగతి. దానికి ఉరితాడు తగిలించి సినిమా చేయడం దేనికి?

'లాయరుగా కేసుల్లేక రాజకీయాల్లోకొచ్చారు.' 1916లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నమోదయ్యారు. 1920లో గాంధీగారు కోర్టుల్ని బహిష్కరించమంటే సాగుతున్న ప్రాక్టీసుని వదిలేశారు. సహాయ నిరాకరణ ఆగాక చాలామంది వకీళ్లు తిరిగి కోర్టులకెళ్లారు. గిరి గారు కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి 1922లో జైలుకెళ్లారు, తర్వాత రైల్వే కార్మికుల్లోకి వెళ్లారు. మన విజయనగరం, పలాస స్టేషన్ల మీదుగా పోయే లైను అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ రైల్వే కార్మికుల సంఘానికి ఆయన నాయకుడు. ఉద్యోగాల్లోంచి తీసేసినవాళ్ల కోసం 1928లో అహింసగా సమ్మె నడిపారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యని నిలబెట్టినవాళ్లలో ఆయనొకరు, పదేళ్లకి పైగా దాని ప్రధాన కార్యదర్శి. కేసుల్లేనివాడు చేసే పనులా ఇవి?

ఐదోది, 'జమీందార్ల అండతో గెలిచారు'. ఇది బొబ్బిలి గ్రూపులో కూడా తిరిగిందంటే ఏమనాలి? 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో గిరి గారు ఓడించింది సాక్షాత్తూ బొబ్బిలి రాజా వారిని. ఆయన జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి. తన సంస్థానంలో, తన కోట ఉన్న ఊళ్లో ఒక కార్మిక నాయకుడి చేతిలో ఓడారు. తాతల నాటి నుంచీ ఆ ఊళ్లో తెలిసిన సంగతే. ఫార్వర్డ్ నొక్కేముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కమాట అడిగినా సరిపోయేది.

ఇప్పుడు నాలుగోది.

ముందు ఆ ఎన్నిక ఎలా జరిగిందో తెలియాలి. 1957లో లోక్‌సభకి 494 సీట్లు, 403 నియోజకవర్గాలు. లెక్క తేడాగా ఉందేమిటంటే, 91 నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి ఎన్నికయ్యేవారు. వాటిని ద్విసభ్య నియోజకవర్గాలనేవారు. ఎస్సీకో ఎస్టీకో సీటు రిజర్వు చేయాల్సినచోట నియోజకవర్గాన్ని విడగొట్టకుండా రెట్టింపు చేసి, రెండు సీట్లలో ఒకటి రిజర్వు చేశారు. పార్వతీపురం అలాంటిది. రెండు సీట్లు, ఒకటి ఎస్టీకి.

ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు. గిరిజనుడికి రెండు, మిగతావాళ్లకి ఒకటి అని మెసేజీలో రాశారు. అది పచ్చి అబద్ధం. వెలమ, కాపు, బ్రాహ్మణ, మాల, జాతాపు, సవర, ఎవరైనా సరే రెండే. ఇప్పటిలా అభ్యర్థులందరి గుర్తులూ ఒకే కాగితం మీద ఉండేవి కావు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద ఆయన గుర్తు. ఓటరు చేతికి రెండు బ్యాలెట్ కాగితాలిచ్చేవారు. తెర వెనక్కి వెళ్లి ఒకటి ఒక పెట్టెలో, రెండోది ఇంకో పెట్టెలో వేయాలి. అభిమానం కొద్దీ రెండూ ఒకే పెట్టెలో వేస్తే చెల్లేది ఒకటే. ఒక అభ్యర్థికి ఒక ఓటరు ఒకే ఓటు ఇవ్వాలని చట్టం.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. గిరి గారి పెట్టెలో మొదటి కాగితం వేసిన అభిమాని రెండో కాగితాన్ని ఇంకొకరి పెట్టెలో వేయాలి, లేదా వదులుకోవాలి. ఆ రెండో కాగితమే ఎదుటి అభ్యర్థిని గిరి గారి కంటే పైకి ఎత్తేయొచ్చు. మన ఓటరు చేతులమీదుగానే మన ఓటమి జరిగిపోయే పద్ధతి ఇది. ఎవరి మోసమూ అక్కర్లేదు.

బరిలో నలుగురు. లెక్క ఇదీ. బిడ్డిక సత్యనారాయణ గారికి 1,26,792. డిప్పల సూరి దొర గారికి 1,24,604. వి.వి.గిరి గారికి 1,24,039. వి.కృష్ణమూర్తి నాయుడు గారికి 1,18,968. మొదటి ఇద్దరూ గిరిజనులు, తర్వాతి ఇద్దరూ కారు.

రిటర్నింగ్ అధికారి ప్రజాప్రాతినిధ్య చట్టం 54వ సెక్షను ప్రకారం ఫలితం చెప్పాలి. రెండు మెట్లు. మొదటి మెట్టు: ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వు సీటు. అది సత్యనారాయణ గారికి వెళ్లింది. రెండో మెట్టు: మిగిలిన అందరిలో, ఎస్టీ అయినా కాకపోయినా, ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రెండో సీటు. మిగిలినవాళ్లు ముగ్గురు. ముగ్గురిలో ఎక్కువ సూరి దొర గారికి. గిరి గారికంటే 565 ఓట్లు ఎక్కువ. రెండో సీటు ఆయనది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఆ నాలుగు అంకెలూ రాయండి. రిజర్వేషన్ అనే మాటని కొట్టేయండి. అసలు అలాంటిది దేశంలో లేదనుకోండి. రెండు సీట్లు, నలుగురు మనుషులు, ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరు గెలుస్తారు. ఎవరా ఇద్దరు?

మళ్లీ వాళ్లే. సత్యనారాయణ గారు, సూరి దొర గారు. గిరి గారు మూడోవారు.

రిజర్వేషన్ ఉన్నా అదే ఫలితం, లేకపోయినా అదే ఫలితం. ఆ ఎన్నికలో రిజర్వేషన్‌కి పనే పడలేదు. గిరి గారిని ఓడించింది అంకె. అది కూడా గిరిజనులు మాత్రమే వేసిన ఓట్లతో వచ్చిన అంకె కాదు. పార్వతీపురం నియోజకవర్గంలో ఓటరు ప్రతివాడికీ నాలుగు పెట్టెలూ కనిపించాయి, అన్ని కులాలవాళ్లూ తమ రెండు కాగితాలూ తమకిష్టమైన పెట్టెల్లో వేశారు. నలుగురికీ కలిపి పడినవి 4,94,403 ఓట్లు. 'రిజర్వేషన్ ఓడించింది' అని పంపే ప్రతి మాస్టారూ పిల్లలకి కూడికలు, తీసివేతలు నేర్పినవారే. ఈ తీసివేత చేయడానికి ఎంతసేపు పడుతుంది?

రిజర్వేషన్ వల్ల గిరి గారు గెలవగలిగే దారి ఒక్కటే ఉండేది: రెండో సీటుని గిరిజనేతరులకి రిజర్వు చేయడం. ఆ మెసేజీ రాసినవాడి మనసులో ఉన్నది సరిగ్గా అదే. రిజర్వు సీటు వాళ్లది, జనరల్ సీటు మాది. ఎవరు చెప్పారు? జనరల్ అంటే అందరిదీ అని అర్థం. రాజ్యాంగం 330వ అధికరణం ఎస్టీలకి ఇన్ని సీట్లు తగ్గకుండా ఉండాలంటుంది, ఇన్నింటికి మించకూడదని ఎక్కడా అనదు. అది కనీసం, గరిష్ఠం కాదు.

ఇది అరవై ఏళ్లు దాటిన పాత గొడవ అనుకోకండి. నిన్నమొన్నటి పంచాయతీ ఎన్నికల్లో కూడా 'జనరల్ వార్డులో వాళ్లెలా నిలబడతారు' అన్న మాట ఊళ్లలో వినపడింది. ఎలా నిలబడతారంటే నామినేషను వేసి నిలబడతారు. విజయనగరం లోక్‌సభ స్థానం జనరల్, శ్రీకాకుళమూ జనరల్. రేపు గుమ్మలక్ష్మీపురం అమ్మాయి విజయనగరంలో నామినేషను వేస్తే రిటర్నింగ్ అధికారి తీసుకుని తీరాలి. నామినేషను పత్రంలో తన తెగ పేరు రాసి, కుల ధ్రువీకరణ పత్రం జతచేస్తే డిపాజిట్టు 25,000 బదులు 12,500 కడుతుంది. ఆ సగం డిపాజిట్టు కట్టినంత మాత్రాన జనరల్ సీటుకి అర్హత పోదు. రిజర్వు సీటుకి అర్హుడైనంత మాత్రాన జనరల్ సీటు హక్కు పోదని తేలింది ఎవరి కేసులోనో తెలుసా? గిరి గారి కేసులోనే.

ఆ కేసు సంగతీ చెప్పుకుందాం. 'కోర్టు కళ్లు మూసుకుంది' అన్నారు కదా. వి.వి.గిరి వర్సెస్ డి.సూరి దొర, సుప్రీంకోర్టు, 1959 మే. తీర్పులు అచ్చువేసే ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) 1959 సుప్రీంకోర్టు సంపుటి 1318వ పేజీ. మన ఊళ్ల కోర్టు లైబ్రరీల్లో కూడా ఉండే పుస్తకమే. నల్లకోటు వేసుకుని ఫార్వర్డ్ చేసినవాళ్లకి మరీ దగ్గర.

గిరి గారి తరఫున వినిపించిన ముఖ్యమైన వాదనలు రెండు. ఒకటి: సూరి దొర గారు ఎస్టీనని ప్రకటించి రిజర్వు సీటుకి నామినేషను వేశారు, కాబట్టి ఆయన పోటీ ఆ సీటుకే పరిమితం, జనరల్ సీటు ఇవ్వకూడదు. కోర్టు ఒప్పుకోలేదు. ద్విసభ్య నియోజకవర్గంలో ఓటర్లు రెండు గుంపులుగా చీలిలేరు, పోటీ ఉమ్మడిది. తెగ గురించి ఇచ్చే ప్రకటన రిజర్వు సీటుకి అర్హత చూపించడానికి, జనరల్ సీటు మీద హక్కు వదులుకుంటూ రాసిచ్చిన కాగితం కాదు. తలుపు ఒకటి ఎక్కువ తెరిచినంత మాత్రాన అందరికీ ఉన్న తలుపు ఆయనకి మూయరు.

రెండో వాదన: సూరి దొర గారు మూక దొర తెగవారు కారు, ఆ కుటుంబం క్షత్రియులైపోయింది. మెసేజీలో 'అసలు గిరిజనుడే కాదు' అన్న ముక్క ఇక్కడిదే. కొన్ని దస్తావేజుల్లో ఆ కుటుంబం క్షత్రియులమని రాసుకున్న మాట వాస్తవం. కోర్టు ఏమందంటే, మనల్ని మనం ఏమని రాసుకున్నామన్నది చాలదు. ఏ కులంలోకి వెళ్లామంటున్నామో ఆ కులంవాళ్లు మనల్ని తమవాళ్లుగా ఒప్పుకున్నారా అన్నది చూడాలి. క్షత్రియులు ఆయన్ని క్షత్రియుడిగా ఒప్పుకున్నట్టు రుజువు లేదు. కాబట్టి పుట్టిన తెగే ఆయన తెగ.

ఈ తర్కంలో ఉన్న బాధ ఎవరికీ పట్టదు. దస్తావేజు రాసేటప్పుడు ఏ గుమస్తాతోనో పెద్ద కులం పేరు రాయించుకున్నంతలో ఆ కులంవాళ్లు పక్కన కూర్చోబెట్టుకోరు. పిల్లనివ్వరు, పంక్తిలో పెట్టరు. ఎన్నికల్లో గెలిచినరోజు మాత్రం 'నువ్వు క్షత్రియుడివి కదా, గిరిజనుడివెలా అవుతావు' అని అడుగుతారు. 1957లో అడిగారు. ఇప్పుడు ఆ మెసేజీ మళ్లీ అడుగుతోంది. ఈ వాదన గిరి గారి తరఫునే వచ్చింది. ఆయనంటే ఎంత గౌరవమున్నా, ఆ వాదన ఆయన కీర్తికి వన్నె తేలేదన్నది చెప్పాలి.

కేసు వేయడం తప్పని అనడం లేదు. 565 ఓట్ల తేడాతో పోయినవాడు కోర్టుకెళ్లడం సహజం. తీర్పొచ్చేనాటికి ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు, 1957 జూన్ నుంచీ ఆ పదవిలో ఉన్నారు. అంత పదవిలో ఉన్నవారి పేరుతో నడిచిన అప్పీలుని, పార్వతీపురం మన్యం మనిషి మీద వేసిన అప్పీలుని, సుప్రీంకోర్టు కొట్టేసింది. కళ్లు మూసుకున్న కోర్టు చేసే పనేనా ఇది?

ఇక్కడ ఒక మాట మెసేజీ రాసినవారికి ఇచ్చేస్తాను. 'ఆ పద్ధతి జనానికి అర్థం కాలేదు' అన్న వాక్యం ఒకటుంది. అది నిజం. ఓటరుకి రెండు కాగితాలిచ్చి వేర్వేరు పెట్టెల్లో వేయమనడం, ఎవరితో ఎవరు పోటీయో తెలియకపోవడం, ప్రచారానికి రెండింతల విస్తీర్ణం, ఇవన్నీ కష్టాలే. ఆ కష్టాన్ని గుర్తించే 1961లో ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం చేశారు. 1962 నుంచి ఎక్కడైనా ఒకటే సీటు. పద్ధతి బాగోలేదని అనండి, ఒప్పుకుంటాను. పద్ధతి బాగోలేదన్నదానికీ, గిరిజనుడు దొంగిలించాడన్నదానికీ మధ్య ఏ సంబంధమూ లేదు.

ఇక మిగిలినవి.

'1954లో నెహ్రూ గారు మంత్రి పదవి నుంచి తీసేశారు.' తీసేయలేదు, ఆయనే వదిలేసి వెళ్లారు. ఎందుకో తెలిస్తే బ్యాంకు ఉద్యోగులు ఈ మెసేజీని ఇంకొకరికి పంపేవారు కారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా మీద 1953లో శాస్త్రి ట్రిబ్యునల్ తీర్పొచ్చింది, దాని మీద 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పొచ్చింది. ఆ రెండో తీర్పులో ఉద్యోగులకి వచ్చినదాన్ని కేంద్ర ప్రభుత్వం ఆగస్టులో కోసి మార్చింది. తాను కార్మిక మంత్రిగా ఉండగా ట్రిబ్యునల్ ఇచ్చినదాన్ని ప్రభుత్వమే తగ్గిస్తే ఇంక ఏ కార్మికుడు ఏ ట్రిబ్యునల్‌ని నమ్ముతాడని ఆయన పక్షం. రాజీనామా ఇచ్చేశారు. తర్వాత ప్రభుత్వం కమిషన్ వేసింది. మొదట నియమించిన జడ్జి మధ్యలో చనిపోతే జస్టిస్ గజేంద్రగడ్కర్ గారు పూర్తిచేశారు, 1955లో ఆ సిఫారసులు చట్టమయ్యాయి. 1959లో సూరి దొర గారి వైపు తీర్పు రాసింది కూడా అదే గజేంద్రగడ్కర్ గారు.

ఒక ప్లీడరు కార్మిక మంత్రి అయ్యాక ఏమన్నారన్నది కూడా తెలియాలి. తగాదా వచ్చిన ప్రతిసారీ ట్రిబ్యునల్‌కి పంపొద్దు, యూనియనూ యాజమాన్యమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, తీర్పు రుద్దితే ఒకరు గెలిచి ఇంకొకరు పగపెట్టుకుంటారు అన్నారు. దాన్నే గిరి విధానం అనేవారు. నెల్లిమర్లలో, రాజాంలో జూట్ మిల్లు కార్మికుల కుటుంబాలున్నాయి. లేబర్ కోర్టులో ఏళ్లకి ఏళ్లు వాయిదాలు తిరిగినవాళ్లని అడిగితే ఆ మాట విలువ చెప్తారు.

'1969లో ఇందిరాగాంధీ టికెట్టు మీద మొదటి రౌండ్లోనే బంపర్ మెజారిటీ.' ఇది రాష్ట్రపతి ఎన్నిక సంగతి. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. గిరి గారు స్వతంత్ర అభ్యర్థి. మద్దతు ఇందిరమ్మదే, టికెట్టు కాదు. ఆ ఎన్నికలో ఎంపీలు, ఎమ్మెల్యేలు అభ్యర్థుల్ని ఇష్టం వరసలో గుర్తించి ఓటేస్తారు. మొదటి ప్రాధాన్యం ఓట్ల విలువ గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, మూడో ముఖ్య అభ్యర్థి దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. అంటే 16,654 తగ్గాయి. కింది అభ్యర్థుల్ని ఒక్కొక్కర్నీ తీసేసి వాళ్ల రెండో ప్రాధాన్యాలు పంచితే గానీ తేలలేదు. చివరికి 4,20,077 కీ 4,05,427 కీ తేడా 14,650. మొదటి రౌండ్లో తేలని రాష్ట్రపతి ఎన్నిక అది. దాన్ని బంపర్ అంటే ఎలా?

'రాష్ట్రపతిని సుప్రీంకోర్టు బోనెక్కించి అవమానించింది.' ఎన్నిక చెల్లదని పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డి గారిని కించపరిచే కరపత్రం పంచారన్నది అందులో పెద్ద ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. అంతకుముందు ఏ రాష్ట్రపతీ చెప్పలేదు. 1970లో పిటిషన్లు కొట్టేశారు. ప్లీడరు ఇంట పుట్టి ప్లీడరైనవాడికి కోర్టులో సాక్ష్యం చెప్పడం అవమానం ఎలా అవుతుంది?

చివరిది, తొమ్మిదోది. 'రబ్బరు స్టాంపు అన్నది శత్రువుల ప్రచారం. ఆయన ఎవరికీ తలవంచలేదు.' అభిమానులందరూ దీనికి చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేను. రబ్బరు స్టాంపు అన్నవాళ్ల మాటలో చాలా నిజముంది.

1970 సెప్టెంబరులో రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకి ప్రభుత్వమిచ్చే భత్యాల) రద్దు బిల్లు రాజ్యసభలో వీగిపోతే, మర్నాడే రాజుల గుర్తింపు రద్దు చేసే ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాజభరణాలు పోవాల్సినవే. కానీ పార్లమెంటు ఒప్పుకోనిదాన్ని తెల్లారేసరికి ఉత్తర్వుగా తేవడం చెల్లదని ఒక ప్లీడరుకి ఇంకొకరు చెప్పాలా? 1973 ఏప్రిల్‌లో ముగ్గురు సీనియర్ జడ్జీలని దాటేసి ప్రధాన న్యాయమూర్తిని నియమించిన కాగితం మీదా ఆయన సంతకమే. మంత్రిమండలి సలహాకి రాష్ట్రపతి కట్టుబడి తీరాలన్న మాట రాజ్యాంగంలోకి 1976లో గానీ రాలేదు. ఆయన కాలంలో 'ఇంకోసారి ఆలోచించండి' అని అనే సందు ఉండేది. 1954లో ఒక్క ట్రిబ్యునల్ తీర్పు కోసం మంత్రి పదవి వదిలేసినవాడు, రాష్ట్రపతి భవన్‌లో ఆ సందు వాడలేదు.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. చేసింది ఆయన చేతులమీదుగా పెరిగిన రైల్వే కార్మికుల సమాఖ్యే. వేలమందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు, క్వార్టర్లలోంచి కుటుంబాల్ని గెంటేశారు. మే 27న సమ్మె విరమించారు. అప్పుడు దేశానికి రాష్ట్రపతి, 1928లో తీసేసిన రైల్వే కార్మికుల కోసం సమ్మె నడిపిన గిరి గారే. ఆగస్టు 24న పదవీకాలం ముగిసి దిగిపోయారు.

ఆయన మీద కోపం ఉంటే ఇవి రాయండి. ప్రేమ ఉంటే బొబ్బిలి రాయండి, 1954 రాయండి. సూరి దొర గారిని వదిలేయండి. ఆయన 1,24,604 ఓట్లతో గెలిచారు.